ఇంజన్ ఆపితే పోయే పరువు

మీ పొలంలో కలుపు మిషన్ నడిపిన మనిషి ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం ఎలా కలుపుకున్నాడో మీరెప్పుడైనా అడిగారా?

"మాకు పొలం ఎక్కడిది?" అని తప్పించుకోకండి. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది నాకు తెలుసు. నారాయణగూడలో సభలకు వస్తారు, చిక్కడపల్లిలో కూరగాయలు కొంటారు, బర్కత్‌పురాలోనో హైదర్‌గూడలోనో ఉంటారు. ఊళ్లో మీకు ఎంతో కొంత భూమి ఉంది. దాన్ని ఫోన్ మీదే సాగు చేయిస్తారు. "కూలీల బాధ లేదండీ, మిషన్ పెట్టించాను, ఒక్క పూటలో అయిపోయింది" అని నలుగురిలో చెప్పుకుంటారు. మిషన్ పెట్టించిన మాట నిజమే. దాని వెనక ఒక మనిషిని కూడా పెట్టించారు. ఆ మనిషి సంగతి మీరు చెప్పరు, ఎందుకంటే మీకు తెలియదు. నాకు తెలుసు. కిందటేడు ఆ మనిషిని నేనే.

గండం గడిచింది కాబట్టి ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను. కోపం లేక కాదు. కోపంతో రాస్తే కలం గట్టిగా పట్టుకుంటాను, చేయి తొందరగా అలిసిపోతుంది. అందుకని నెమ్మదిగానే రాస్తాను.

నా పేరు రజిత. పెళ్లికి ముందు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షలకు చదివిన అనేకమందిలో ఒకదాన్ని. కొలువు రాలేదు. కానీ ఆ రోజుల్లోనే నారాయణగూడలో ఆదివారం సాయంత్రాలు జరిగే చర్చా సభలకు అలవాటు పడ్డాను. జాతకాలు నిజమా, గ్రహణం నాడు తింటే ఏమవుతుంది, ఆడదాని బుద్ధి వేరా మగవాడి బుద్ధి వేరా అని గొంతు పోయేదాకా వాదించుకునేవాళ్లం. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. పెళ్లయ్యాక జనగామ దగ్గరి ఊరికి వెళ్లి, నా భర్త శ్రీనుతో కలిసి పత్తి, కూరగాయలు పండిస్తూ వచ్చాను. పొలం పని చేస్తూనే ఇలాంటి పత్రికలకు వ్యాసాలు రాశాను. టైపు కొట్టడం నాకు రాదు, కలంతోనే రాస్తాను. పొలానికీ కాగితానికీ ఒకటే కుడిచేయి. అది పోతుందేమోనని భయపడిన ఏడాది కథ ఇది.

కిందటేడు వానాకాలం

మా ఊరి మహిళా సంఘానికి ఒక కలుపు మిషన్ వచ్చింది. ముందర తిరిగే కత్తులు, మీద చిన్న పెట్రోల్ ఇంజన్, వెనక్కి సాగిన రెండు హ్యాండిళ్లు. సాళ్ల మధ్య దాన్ని తోసుకుంటూ నడవాలి. స్టార్ట్ చేయడానికి తాడు లాగాలి. హ్యాండిల్ కింద ఉన్న లివర్‌ను పిడికిట్లో నొక్కి పట్టుకున్నంతసేపే మిషన్ ముందుకు కదులుతుంది.

ఎవరు నడపాలన్న మాట వచ్చినప్పుడు, మగవాళ్లనే ఎవరినైనా పెట్టుకుందామని సంఘంలో కొందరు అన్నారు. నేను ఊరుకుంటానా? ఆడవాళ్లకు మిషన్ చేతకాదనడం కూడా ఒక మూఢనమ్మకమేనని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఉపన్యాసం ఇచ్చినవాళ్లే నడపాలన్నారు. సరేనన్నాను.

మొదటి రోజు చూడటానికి సగం ఊరు వచ్చింది. మాజీ సర్పంచి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి అన్నాడు:

"తాడు గుంజుడంటె బతుకమ్మ ఆడుడు గాదు రజితమ్మా. జర పైలం, భుజం ఊడిపోతది."

"ఊడితె మీ ఇంటికొచ్చి పెట్టిచ్చుకుంట పెద్దనాయినా," అన్నాను.

తాడు లాగాను. ఇంజన్ గురగురమని ఆగిపోయింది. గట్టు మీద నవ్వులు. మళ్లీ లాగాను. ఈసారి అంటుకుంది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. అప్పుడే నాకు తెలియకుండా ఒక నియమం పెట్టుకున్నాను: జనం చూస్తుండగా ఈ ఇంజన్ ఆపకూడదు. ఆపితే మళ్లీ తాడు లాగాలి. లాగితే అంటుకోకపోవచ్చు. అంటుకోకపోతే నవ్వుతారు. నవ్వితే ఓడిపోయేది నేనొక్కదాన్నే కాదు, ఆడవాళ్ల తరఫున నేను చేసిన వాదమంతా ఓడిపోతుంది.

ఆ సీజనంతా ఆ నియమం ప్రకారమే నడిచాను. నీళ్లు తాగాలన్నా ఇంజన్ తిరుగుతుండగానే ఒక చేత్తో సీసా ఎత్తి తాగేదాన్ని. పెట్రోల్ అయిపోతే చెట్ల చాటుకు పోయి, ఎవరూ లేరని చూసుకుని పోసేదాన్ని. దీనికి తోడు మా దగ్గర కిరాయి గంటల లెక్కన. ఇంజన్ మోగినంతసేపే గంట. అది ఆగితే రైతు ఫోన్‌లో టైం చూసుకుంటాడు. "ఏమైందక్కా, ఆగింది?" అని అరుస్తాడు. మనిషి అలిసిపోయిందని చెప్పడానికి ఆ లెక్కలో చోటు లేదు. ఊళ్లో మిషన్లు నడిపే మగవాళ్లూ అంతే. లివర్ నొక్కి నొక్కి పిడికిలి పట్టేస్తే, పాత సైకిల్ ట్యూబు ముక్కతో లివర్‌ను హ్యాండిల్‌కు కట్టేస్తారు. అప్పుడిక పట్టు వదిలినా మిషన్ ఆగదు. నేనూ కట్టేశాను.

సాయంత్రం ఇంజన్ ఆగేది. నా చేతుల్లో మాత్రం ఆగేది కాదు. మోచేతుల దాకా తేనెటీగలు తిరుగుతున్నట్టు ఉండేది. అన్నం కలుపుతుంటే మెతుకులు వేళ్లకు తెలిసేవి కావు, కూర వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలిసేది కాదు. శ్రీను చూసి, "ఏమైంది, చేతులు గట్ల దులుపుతున్నవ్?" అని అడిగాడు.

"తిమ్మిరి."

"కొత్త గదా. అలవాటైతది తీ."

అందరూ అదే మాట. అలవాటవుతుంది. సభలో ఎవరైనా ఇలా అంటే రుజువేదని నిలదీసి ఉండేదాన్ని. శరీరం అదురుకు అలవాటు పడుతుందని ఎవరు చూశారు? ఏ మనిషి చేతులను ఎవరు పరీక్షించారు? అలవాటైన మాట నిజమే, కానీ అలవాటైంది అదురు కాదు, నొప్పి చెప్పకపోవడం.

దసరా తర్వాత

పత్తి చేలల్లో పని తగ్గింది, చేతులు మాత్రం బాగుపడలేదు. ఒకరోజు పొద్దున చల్లటి నీళ్లలో గిన్నెలు తోముతుంటే కుడిచేతి వేళ్లు మూడు తెల్లబడ్డాయి. పాలిపోవడం కాదు, కొవ్వొత్తిలా తెల్లగా, నావి కానట్టుగా. కాసేపటికి నీలంగా మారి, తర్వాత ఎర్రబడి, నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. ఆ తర్వాత ఇది రోజూ జరిగే సంగతైపోయింది. చేతిలో గ్లాసులు నిలవడం మానేశాయి. జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి అవస్థ పడేదాన్ని.

మా అత్తకు తన సిద్ధాంతం ఉంది. "ముట్టైనప్పుడు ఇనుము ముట్టినవ్. మిషన్‌కు కొబ్బరికాయ గూడ కొట్టనియ్యలే. ఇంకేమైతది?"

"అట్లయితె బీడీ తాక్కుంట, మందు వాసనతోని మిషన్ పట్టుకునేటోళ్లకు ఎప్పుడో చేతులు పడిపోవాలె గదా అత్తమ్మా?"

"నీతోని మాట్లాడుడే తప్పు," అని ఆమె లేచిపోయింది. నాకు అన్నం కలిపి పెట్టింది మాత్రం ఆమే.

ఊళ్లో సూదులు వేసే డాక్టరు నరాల బలహీనతన్నాడు. ఎర్ర మందు సూది కొన్నాళ్లు వేశాడు. నేను ఏం పని చేస్తున్నానని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది: ఏం పని చేస్తావని అడగకుండా ఇచ్చిన మందు తాయెత్తు కంటే ఏ రకంగా గొప్పది?

నేనూ చెప్పలేదనుకోండి. మిషన్ వల్ల చేయి పోతోందని నోరు తెరిస్తే మాజీ సర్పంచి గొడుగు కింద నుంచి ఏమంటాడో నాకు తెలుసు. అందుకని, వయసు అన్నాను, రక్తం తక్కువన్నాను. "ఆడవాళ్లు, యంత్రాలు" అని ఈ పత్రికకు ఒక వ్యాసం మొదలుపెట్టి ఉన్నాను. దాన్ని పూర్తి చేద్దామని కూర్చుంటే కలం వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాను. కాగితం మీద పడ్డ అక్షరాలు నావి కావు. ఎవరో ముసలావిడ వణుకుతూ రాసినట్టు ఉన్నాయి. ఆ రోజు మొదటిసారి ఏడ్చాను. మర్నాడు చిక్కడపల్లిలో ఉన్న మా అక్క ఇంటికి బస్సెక్కాను.

చలికాలం

మా అక్క పద్మ చిక్కడపల్లిలో ఒక సందులో కిరాయికి ఉంటుంది. ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుపుతుంది. అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు పప్పు, వేపుడు పొట్లాలు కట్టించుకుని పోతుంటారు. నేను సాయం చేద్దామని పప్పు పొట్లానికి దారం చుట్టబోయాను. ముడి పడలేదు. పొట్లం ఒలికింది. అక్క నేల తుడుస్తూ నా చేతుల వంక చూసింది. ఆమెకు పక్షవాతమేమోనని భయం పట్టుకుంది. పావురం రక్తంతో మర్దన చేసేవాళ్లు ఎవరున్నారో కనుక్కుంటోందని నాకు తెలిసి పెద్ద గొడవ పెట్టుకున్నాను.

"నీకు పిచ్చా అక్కా? పావురానికి నా చేతికి ఏం సంబంధం?"

"ఏం సంబంధమో నాకు తెల్వది. నీ చెయ్యి పోతె నాకు సంబంధం ఉన్నదా లేదా?"



ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నా కుడి మణికట్టుకు నల్లదారం ఉంది. నేను నిద్రపోతుండగా కట్టేసింది. ఎన్ని సభల్లో ఎంతమంది చేతుల దారాలను వెక్కిరించి ఉంటానో! వెంటనే విప్పబోయాను. ఎడమచేతి వేళ్లకూ పట్టు లేదు, ముడి చిక్కలేదు. పళ్లతో లాగాను, రాలేదు. కాసేపు ఆ దారంతోనే కుస్తీ పట్టి, చివరికి వంటగది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను.

"అక్కా, ఇది విప్పు."

"నువ్వే విప్పుకో. పెద్ద హేతువాదివి గదా."

"రాట్లేదు."

ఆమె ముఖంలో వెక్కిరింపు పోయింది. చేతులు తుడుచుకుని వచ్చి ముడి విప్పింది. తర్వాత నా వేళ్లను తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చేతులు, వెచ్చగా ఉన్నాయి. తెల్లబడ్డ వేళ్లలోకి రంగు వచ్చింది. "చూశినవా, వేడికి మంచిగైతున్నది," అంది. ఆ తర్వాత ఆమె దారాల జోలికి పోలేదు. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ల గిన్నె నా ముందు పెట్టేది. తన బిడ్డ స్కూలు స్వెట్టరు చేతులు కత్తిరించి నాకు చేతి తొడుగులు కుట్టింది. మా అక్కతో వాదించి నేనెప్పుడూ గెలవలేదు, ఆ తొడుగులు ఇప్పటికీ వేసుకుంటాను.

ఆ ఇంటి ఓనరు మూర్తిగారు పైఅంతస్తులో ఉంటారు. వాళ్ల నాన్నగారి కాలంలోనే గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మర్యాదస్తుడు. నా చేతి సంగతి తెలిసి ఒకరోజు మెట్ల మీద ఆపి పలకరించారు.

"ఏమ్మా, చెయ్యి ఎలా ఉంది? అసలేం చేస్తే అలా అయింది?"

"కలుపు మిషన్ నడిపానండీ."

"మిషన్ నడిపితే చెయ్యి పోవడమేంటమ్మా? మిషనే కదా చేసేది! మనిషి పట్టుకుని నడవడమేగా. మా ఘట్‌కేసర్ ప్లాట్లో గడ్డి కోయడానికి ఒకతను వస్తాడు, భుజానికి మిషన్ తగిలించుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కోస్తాడు. ఒక్కసారి కూడా ఆపడు. బలే మనిషిలే!"

"అతని చేతులు ఎలా ఉన్నాయండీ?"

"చేతులా? నేనెందుకు చూస్తాను?"

ఆయన మంచి మనిషే. నా చేతికి మంచి డాక్టరెవరో కనుక్కుని చెప్పింది కూడా ఆయనే. నేను తప్పు పడుతున్నది ఆయన్ను కాదు, "మిషనే కదా చేసేది" అనే ఆ నమ్మకాన్ని. దెయ్యాల మీద నమ్మకం పోయినవాళ్లలో కూడా ఈ నమ్మకం పోలేదు. మా సభల్లో దీని మీద ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు, నాతో సహా. మిషన్ కలుపు తీస్తుంది. ఆ అదురును ఆపేది ఎవరు? ఆ ఇనుమును పట్టుకుని ఉన్న మెత్తటి వస్తువు మనిషి చేయి ఒక్కటే. అదురంతా అందులోకే ఇంకుతుంది.

మూర్తిగారు చెప్పిన డాక్టరు ఉండేది నారాయణగూడలోని ఒక ఆసుపత్రిలో. దాని హాలు ఎప్పుడూ నిండుగా ఉండేది. ఫ్యాను గాలి తగిలితే నా వేళ్లు తెల్లబడేవి. టోకెన్లు ఇచ్చే ఆవిడ రెండోసారికే గమనించి, గోడ పక్కన ఒక కుర్చీ నా కోసం ఆపి ఉంచడం మొదలుపెట్టింది. నేను అడగలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఆ గోడ పక్కనే ఎల్లయ్యను చూశాను. గజ్వేల్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. టీ తెచ్చుకుని, చిన్న కాగితం కప్పును రెండు చేతులతో, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు పట్టుకుని తాగుతున్నాడు. నేనూ నా కప్పును అలాగే పట్టుకుని ఉన్నాను. ఒకరి కప్పు ఒకరం చూసుకున్నాం.

"ఏం మిషన్ అన్నా?" అని అడిగాను.

అతను ఉలిక్కిపడ్డాడు. "గడ్డి కోసేది. నీకెట్ల ఎరుక?"

"నాది కలుపు మిషన్."

"ఆడోళ్లు గూడ నడుపుతున్నరా గిప్పుడు?" అని నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు. "నీకు గూడ గింతేనా అక్కా? తెల్లగైతయా?"

"అయితయి. నీతోని ఎవ్వరు రాలేదా?"

"ఎవ్వరికి చెప్పలే. పన్ను నొస్తుందని చెప్పి వచ్చిన."

"పన్ను ఎందుకు?"

"మగోడికి చేతులల్ల పట్టు పోయిందంటె ఊర్ల ఏమనుకుంటరక్కా? గడ్డి మిషన్ గూడ పట్టుకోలేడు, వీడేం మొగోడు అంటరు. పన్నంటె ఎవ్వడు ఏమనడు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గట్టిగా నవ్వాను, అతనూ నవ్వాడు. టోకెన్ల ఆవిడ కళ్లెర్ర చేసింది. నవ్వు తగ్గాక అసలు సంగతి తట్టింది. ఆడదాన్ని కాబట్టి నేను చెప్పలేదు. మగవాడు కాబట్టి అతను చెప్పలేదు. మిషన్ మాత్రం ఎవరు ఆడ, ఎవరు మగ అని చూడలేదు. ఇద్దరి వేళ్లనూ ఒకేలా తినేసింది. ఆడవాళ్లు మగవాళ్లు సమానమని ఇన్నేళ్లు వాదించిన నాకు, ఆ సమానత్వం ఇలాంటి చోట కనిపిస్తుందని తోచనే లేదు.

డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తారు?" రెండో ప్రశ్న, "మధ్యలో ఆపుతారా?" ఆపనని చెప్పాను. "ఎందుకు?" అని అడిగింది. తాడు సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. చేతికి తీగలు పెట్టి చిన్న చిన్న షాకులు ఇచ్చి నరాలు చూశారు. ఆ షాకులు కొన్ని వేళ్లకు తెలిశాయి, కొన్నింటికి తెలియలేదు. తెలియకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

"చూడమ్మా," అందామె, "దీనికి పెద్ద మందంటూ లేదు. ఆ అదురు తగలొద్దు. చలి తగలొద్దు. వేళ్లకు పని చెప్పాలి, మెల్లగా. పోయిందంతా తిరిగి రాదు. కొంత వస్తది. ఎంతనేది ఇప్పుడే చెప్పలేను. ఇంకో సీజన్ నడిపి ఉంటే ఇది కూడా అనకపోయేదాన్ని."

బయటికొచ్చేసరికి ఎల్లయ్య నిలబడి ఉన్నాడు. "ఏమన్నది?" అన్నాడు. చెప్పాను. లోపలికి పోబోతూ తలుపు దగ్గర ఆగి, "మరి నేను ఏం పని చేసుకోవాలె?" అని అడిగాడు. నన్నే అడిగాడో, తనలో తాను అనుకున్నాడో తెలియదు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. లేని జవాబు ఉన్నట్టు రాయను.

ఎండలు మొదలయ్యాక

వేడి నాకు మేలు చేసింది. పొద్దున వెచ్చని నీళ్లలో వేళ్లు ముడవడం, చాపడం. శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒక్కొక్కటే వేయడం. అక్క చూసి, "మా బిడ్డ స్కూల్ల ఎల్‌కేజీ పిల్లలకు గిదే నేర్పుతరు," అని ఏడిపించేది. రాయడానికి మాత్రం అశోక్‌నగర్‌లోని రీడింగ్ రూముకు పోయేదాన్ని. అక్కడ పరీక్షల పిల్లలు తల ఎత్తకుండా పేజీలకు పేజీలు జవాబులు రాస్తుంటారు. వాళ్ల మధ్య కూర్చుని నేను అ, ఆ లు దిద్దుకునేదాన్ని. ఎవరూ విచిత్రంగా చూడలేదు. పక్కన కూర్చునే ఒక అమ్మాయి ఒకరోజు నా కాగితం చూసి, "ఈ 'ఈ' మంచిగొచ్చిందక్కా," అంది. ఆ పొగడ్తతో వారం రోజులు బతికాను.

ఊళ్లో నా స్థానంలో మా సంఘంలోని మంజుల మిషన్ నడుపుతోంది. నాకంటే చిన్నది, నన్ను చూసి నేర్చుకున్నదే. అప్పుడప్పుడు ఫోన్ చేసేది.

"నువ్వేం పరేషాన్ కాకక్కా. మస్తు నడుస్తుంది మిషన్. టమాట తోటలన్ని మనయే."

"చేతులెట్ల ఉన్నయ్?"

"చేతులకేమైంది? మంచిగున్నయ్."

"స్పీకర్ల ఎందుకు పెట్టినవే?"

"రొట్టెలు చేస్తున్నక్కా, పిండి చేతులు."

తర్వాతిసారి కూడా స్పీకరే. ఆ తర్వాతా అంతే. ఒకరోజు అడిగాను: "మంజులా, ఎప్పుడు ఫోన్ చేసినా చేతులకు పిండే ఉంటదా?"

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఫోన్ పట్టుకుంటె జారిపోతుందక్కా," అంది మెల్లగా. "ఎవ్వరికి చెప్పకు. నువ్వు పోయినవ్, నేను గూడ పోతె ఇగ వాళ్ల నోర్లు మూయలేం. నువ్వే చెప్పినవ్ గదా, ఆపొద్దని."

నేను అలా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు, ఆమె నన్ను చూసింది. నా చేయి పోయినంత పోయింది. మంజుల చేయి ఇంకా దక్కేదే. దక్కాలంటే ఎవరో ఒకరు ఊళ్లో నిలబడి నోరు తెరవాలి. తెరిస్తే ఆడవాళ్ల గురించి నేనన్న మాటలన్నీ నా మొహాన కొడతారు. ఒకవైపు నా వాదం, ఇంకోవైపు ఒక మనిషి కుడిచేయి. వాదాన్ని కాపాడటానికి మనుషులను బలి పెట్టడాన్నే కదా మనం ఇన్నాళ్లూ మూఢత్వం అన్నది! ఆ వారమే ఊరికి పోయాను.

ఈ వానాకాలం

సంఘం మీటింగు పంచాయతీ ఆవరణలో, నీళ్లు పోస్తున్న బోరు పక్కన పెట్టించి, మిషన్లు నడిపే మగవాళ్లను కూడా రమ్మన్నాను. తొడుగులు తీసి నా చేతులు చూపించాను. ఏం జరిగిందో, ఎందుకు దాచానో చెప్పాను. మంజుల తల వంచుకుని కూర్చుంది.

మాజీ సర్పంచి నేను ఎదురుచూసిన మాటే అన్నాడు. "నేను ఆ దినమే జెప్పిన. ఆడోళ్లతోని అయ్యే పనా అది?"

"పెద్దనాయినా, మీ మాట ఒప్పుకుంట," అన్నాను. "ఒక్కటే అడుగుత. ఈడ మిషన్లు నడిపే మగోళ్లు చానమంది ఉన్నరు. ఒక్కొక్కరు ముందుకొచ్చి, గా బోరు నీళ్లల్ల చేతులు పెట్టి, బయటికి తీసి చూపియ్యుండ్రి. ఎవ్వరి వేళ్లు తెల్లబడకపోతె, రేపటి నుంచి మా సంఘం మిషన్ మీకే ఇచ్చేస్తం."

ఒక్కరూ కదల్లేదు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకతను చేతులను చంకల్లో దాచుకున్నాడు. మాజీ సర్పంచి తన పెద్దకొడుకు వంక చూశాడు. అతను నేల చూపులు చూశాడు. అంతసేపూ బోరు నీళ్లు ఊరికే పారుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత సంఘం కొన్ని మార్పులు చేసింది. కిరాయి గంటల లెక్కన కాదు, ఎకరాల లెక్కన. ఒక మిషన్‌కు ఇద్దరు మనుషులు, మారి మారి నడుపుతారు. మారేటప్పుడు ఇంజన్ ఆపాల్సిందే. లివర్‌కు ట్యూబు కట్టొద్దు. కొందరు రైతులు వేరే మిషన్లకు పోయారు, పోనిచ్చాం. తాడు లాగితే కొన్నిసార్లు అంటుకోదు, గట్టు మీద ఎవరో నవ్వుతారు. మంజుల ఇప్పుడు తిరిగి నవ్వుతుంది. పొద్దున లేవగానే ఉండే తిమ్మిరి ఆమెకు చాలావరకు తగ్గింది. మగవాళ్లలో ఇద్దరు మాత్రం మా పద్ధతికి మారారు, మిగతావాళ్లు మారలేదు.

నా సంగతంటారా, మిషన్ ఇక ముట్టను. చల్లటి పొద్దున ఇప్పటికీ హుక్కులు పెట్టుకోలేను. కలం పట్టుకోగలను, ఒక పేజీ రాసి ఆపుతాను, వేళ్లు వెచ్చబడ్డాక ఇంకో పేజీ. ఈ వ్యాసం అలా ముక్కలు ముక్కలుగా రాసిందే. అక్షరం కాస్త వంకరగా ఉంది. నాదే.

మీ పొలంలోనో ప్లాట్లోనో రేపు ఎవరో మిషన్ పట్టుకుని నడవబోతున్నారు. వాళ్లు నొప్పి అని చెప్పరు. ఎందుకు చెప్పరో ఇప్పుడు మీకు తెలుసు. అందుకని వాళ్లు చెప్పేదాకా ఆగకండి. ఇప్పుడే ఫోన్ తీయండి. గంటల లెక్క మానేశానని చెప్పండి. ఒక్కరు కాదు, ఇద్దరు రావాలని, ఇద్దరికీ కూలి మీరే ఇస్తానని చెప్పండి. మధ్యలో ఇంజన్ ఆపి నీడలో కూర్చోవడం పనిలో భాగమేనని మీ నోటితో చెప్పండి. ఈ కాగితం కింద పెట్టే ముందు ఆ ఫోన్ చేయండి.